ముందు వచ్చిన మాట

సంచిలో ఇంకా ఏమీ పడలేదు. పిన్ని మంచం కమ్మీకి వేలాడుతున్న ఆ ప్లాస్టిక్ సంచినీ, దుప్పటి కింద నుంచి దాన్లోకి దిగిన సన్నటి గొట్టాన్నీ ఆమె రెప్ప వేయకుండా చూస్తోంది. కాస్తయినా మూత్రం దిగితే కిడ్నీలు పనిచేస్తున్నట్టు, లేదంటే పెద్దాసుపత్రికి పంపాలి, చూద్దాం, అని చెప్పి డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. పక్క మంచమూ వడదెబ్బే, దాని పక్కదీ వడదెబ్బే. గోడ కడుతూ కూలబడిన తాపీమేస్త్రీ, బస్టాపులో ఒరిగిపోయిన ముసలావిడ, ఇంకా పేరూ ఊరూ తెలియకుండా మోసుకొచ్చిన వాళ్లు. వార్డంతా తడిబట్టల వాసన, దాని మీద చేపల వాసన. ఆసుపత్రి ఐసు పొద్దున్నే అయిపోతే చేపల మార్కెట్ నుంచి తెప్పించారట. పిన్ని చంకల్లో, మెడకి రెండు వైపులా పెట్టిన ఐసు కరిగి పరుపు మీదికి, పరుపు మీద నుంచి నేల మీదికి కారుతోంది. చేపల్ని చెడిపోకుండా ఉంచే ఐసు మనిషిని కూడా ఉంచుతుందా అనుకుంది ఆమె. అనుకున్నాక, ఇలాంటప్పుడు కూడా ఇలాంటి ఆలోచన చేసే బుర్ర తనదేనా అనిపించి తల దించుకుంది. తల దించితే మళ్లీ సంచే కనిపించింది, చదునుగా, ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు, ఖాళీగా.

"ఈ బొప్పి ఎలా కట్టింది?" అని ఇందాక నర్సు అడిగింది, పిన్ని జుట్టు పాయలు తీసి తడుపుతూ. చేతిలో పనిలోంచి తల కూడా ఎత్తకుండా మామూలుగానే అడిగింది. ఆమె నీళ్లు నమిలింది. పడ్డప్పుడు తగిలిందేమో అంది. "ఏమో అంటారేంటి, మీరు లేరా అక్కడ?" అంటే, ఉన్నాను గానీ సరిగ్గా చూళ్లేదు అంది. ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందో! సూది బట్టలో దిగినట్టు దిగిపోయింది. మంచానికి అటువైపు, ఆమె కుట్టు యూనిట్‌లో ఇస్త్రీ పని చేసే ఇస్త్రీ అన్న నిలబడి ఉన్నాడు. పిన్నిని రెండు చేతుల మీదా ఎత్తుకుని మెట్లు దిగి, సరుకు తోలే ఆటోలో తలని ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చిన మనిషి. చొక్కా మీద ఉప్పు చారలు. అతను ఆమెని ఒకసారి చూశాడు, తర్వాత పైన తిరుగుతున్న ఫ్యాన్ వంక చూశాడు. "నేను యూనిట్‌కి వెళ్తాను మేడమ్" అన్నాడు. యూనిట్ పెట్టిన రోజు నుంచీ అందరూ మేడమ్ అంటున్నా అతనొక్కడే అక్కా అనేవాడు. చనువెక్కువైంది ఇతనికి అని లోపల్లోపల విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఆ మేడమ్ అనే మాట చెంప మీద వేడిగా, ఇస్త్రీపెట్టె ఆవిరి తగిలినట్టు తగిలి, ఇంకా అక్కడే ఉంది.

పిన్ని పెదవులు తెల్లగా పొలుసులు కట్టాయి. ఈ పెదవుల మధ్య ఎప్పుడూ ఒక సూదో, దారప్పోగో ఉండేది. ఊరు వదిలి వచ్చిన రోజు కూడా ఉందేమో. ఆ రోజు ఏటినీళ్లు గుమ్మం దాటి, పొయ్యి దాటి, గోడలో దేవుడి గూటిదాకా వచ్చినప్పుడు అందరూ బియ్యమో, పిల్లలో, ట్రంకుపెట్టెలో ఎత్తుకుంటే పిన్ని మాత్రం కుట్టుమెషిన్ తల ఊడదీసి గొంగట్లో చుట్టి నెత్తిన పెట్టుకుంది. రెండో చేత్తో ఆమె జబ్బ పట్టుకుంది. సొంత కూతుర్ని చిన్నాన్న భుజాన వేసుకున్నాడు గనక పిన్ని చేతికి అక్క కూతురు దక్కింది. జబ్బ మీద ఆ అయిదు వేళ్ల గుర్తులు ఎన్నాళ్లో పోలేదు. ఊరు మళ్లీ లేవలేదు. ఏరు పక్కకి తిరిగి ఊరి మీదే పారడం మొదలుపెట్టాక లేవడానికి ఊరెక్కడుంది? ఈ పట్నానికి వచ్చి, ఇరుకు గదిలో ఆ మెషిన్ తలకి కొత్త కాళ్లు కొనిపెట్టి, పిన్ని జాకెట్లు కుట్టింది, ఆమెకి కుట్టడం నేర్పింది. ఒసే బుజ్జమ్మా, చెయ్యి బట్టని తొయ్యకూడదే, దానంతటదే పోతుంది, నువ్వు దారి చూపించు చాలు, అనేది. ఆ దారి పట్టుకునే గదా బుజ్జమ్మ ఒక మెషిన్ని నాలుగు చేసి, నాలుగింటిని ఒక వరస చేసి, మేడ మీద రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని మేడమ్ అయింది. చిన్నాన్న పోయాక పిన్ని వచ్చి ఆ వరసలో ఒక స్టూలు మీద కూర్చుంది. మొదటి రోజే నలుగురూ వింటుండగా, "మేడమ్, ఈ మెడపట్టీ ఇలా రావాలా?" అని అడిగింది. ఆమె ఉలిక్కిపడింది. పిన్నీ నువ్వేంటి, అనబోయింది. అనలేదు. ఆ పూట పనిలో పడి మర్చిపోయానని మర్నాడు సర్దిచెప్పుకుంది. మర్నాటికి అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది, పిన్నే మేడమ్ అంటుంటే మిగతా వాళ్లు ఇంకాస్త వణికేవాళ్లు.

కిటికీ అవతల ఎండ తెల్లగా, పాలు మరిగి పొంగినట్టు ఉంది. ఇంత ఎండ ఎప్పుడైనా ఉందా అంటోంది తాపీమేస్త్రీ భార్య, ఎవరితోనూ కాదు, గోడతో. పోయినేడూ ఇదే మాట అనుకున్నారు, అంతకు ముందేడూ అనుకున్నారు. ఏటికేడాది ఎండాకాలం ముందుకి జరిగి వచ్చి కూర్చుంటోంది, పిలవని చుట్టంలా, వెళ్లమన్నా వెళ్లకుండా. ఆ సంగతి చెప్పడానికే కదా వాళ్లిద్దరూ వచ్చారు, మెడలో కార్డులేసుకుని, ఎండలకి తట్టుకునేలా పనిచోట్లు ఎలా మార్చుకోవాలో చెప్పే సంఘం వాళ్లు. రేకుల మీద తెల్లగా సున్నం కొట్టించండి, లోపల వేడి తగ్గుతుంది. తెల్లవారుజామున పని మొదలుపెట్టి మిట్టమధ్యాహ్నం ఆపేయండి, మళ్లీ సాయంత్రం కూర్చోండి. గంటగంటకీ నీళ్లు తాగించండి. ఇంతే చెప్పారు. ఆమె అన్నిటికీ తలూపింది. సున్నం వాళ్లే ఇచ్చారు, బస్తా పక్కన నిలబెట్టి ఫొటో కూడా తీశారు, ఫొటోలో బాగానే నవ్వింది. ఆ బస్తాలు మెట్ల కింద ఉన్నాయి, వాటి మీద పిల్లి పడుకుంటుంది. షెడ్డు మనది కాదు కదా, ఇల్లుగలాయన ఏమంటాడో అనుకుంది మొదట. అతన్ని అడగనే లేదు. ఈ ఆర్డర్ అయిపోనీ అనుకుంది, ఆ ఆర్డర్ వెనక ఇంకో ఆర్డర్. ఎప్పుడూ ఏదో ఒకటి ముందుండేది, సున్నం దాని వెనక నిలబడేది. పని వేళలు మారిస్తే పొరుగు యూనిట్ వాళ్లు ఎగతాళి చేస్తారనుకుంది. పల్చటి తెల్ల కాటన్, పసిపిల్లల గౌన్లకి, కత్తిరించేటప్పుడు పొరలు ఎగిరిపోతున్నాయని కత్తిరించే బల్ల వైపు ఫ్యాన్లు ఆపించింది. పిన్ని స్టూలు ఆ వైపే. తన గదిలో మాత్రం కూలర్ ఉంది. సరుకు చూడటానికి వచ్చేవాళ్లు కూర్చుంటారని పెట్టించింది. వాళ్లు రాని రోజుల్లో కూడా అది తిరుగుతూనే ఉండేది. దాని తొట్టిలో నీళ్లు పోసేది పిన్నే. అయ్యో, పిన్నే కదా! ఈ సంగతి ఇప్పుడే గుర్తుకు రావాలా.

నీళ్లు. దానికన్నా ముందు ఆ జోకు. ఉన్నది ఒకటే బాత్రూం, మెట్ల మలుపులో. గంటగంటకీ నీళ్లు తాగితే గంటగంటకీ లేస్తారు, లేస్తే వరస ఆగుతుంది. ఒక రోజు వరసలో స్టూళ్లు సగం ఖాళీగా కనిపించేసరికి ఒళ్లు మండింది. తిట్టలేదు, తిట్టడం తనకి రాదని పేరు. నవ్వుతూనే అంది, "ఏంటర్రా, బాత్రూంలో కూడా ఒక మెషిన్ వేయించమంటారా?" అందరూ నవ్వారు. పిన్ని అందరికన్నా గట్టిగా నవ్వింది, అక్క కూతురి జోకు పండిందని చూపించడానికి నవ్వినట్టు, చుట్టూ చూస్తూ మరీ నవ్వింది. ఆ తర్వాత నుంచి పిన్ని నీళ్ల సీసా పొద్దున్న ఎంత నిండుగా వచ్చేదో సాయంత్రం అంత నిండుగా వెళ్లేది. ఆమె చూసింది. చూడకపోవడం కాదు, చూసి, పిన్నికి మొదట్నుంచీ దాహం తక్కువ అనుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తన నోరు జారలేదు కూడా. ఎక్కడ తగలాలో చూసి మరీ విసిరింది. సంచిలో ఇప్పటికీ ఏమీ లేదు. ఒక మనిషి బాత్రూంకి లేవకూడదని నవ్వించిన తాను, ఆ మనిషి ఒంట్లోంచి ఒక్క చుక్క దిగితే చాలని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుతూ కూర్చుంది.

కానీ అది కాదు. దీన్నంతా తలుచుకోవడం ఆ ఇంకోదాన్ని తలుచుకోకుండా ఉండటానికే అని ఆమెకి తెలుసు. జోకు సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చు, ఏదో అన్నాను, ఇలా అవుతుందనుకోలేదు, అని కళ్లు తుడుచుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. మధ్యాహ్నం, రేకులు వేడికి టకటకమని చప్పుడు చేస్తూ సాగుతున్న వేళ, ఆమె తన గదిలోంచి గౌన్ల కట్టలు లెక్క చూద్దామని వచ్చింది. సాయంత్రం సరుకు బండి వస్తుంది. పిన్ని మెషిన్ ఆగి ఉంది. పిన్ని దాన్ని చూస్తోంది, చేత్తో ఏదో వెతుకుతోంది, దారం ఎక్కించాలన్నట్టు గాల్లో వేళ్లు ముడుస్తోంది. చెమట లేదు, మొహం పొడిగా, ఎర్రగా ఉంది. పిన్నీ అని పిలిచే లోపే పక్కకి వాలింది. వాలి, పక్కనే నేల మీద దుప్పటి పరిచి పేర్చిన తెల్ల గౌన్ల దొంతర మీద పడింది. పడటం మెత్తగానే పడింది. తల దొంతర మీద ఆనింది, దిండు మీద పెట్టుకున్నట్టు. తర్వాత వాంతి వచ్చింది, పచ్చటి నీళ్లు, కొద్దిగా. అప్పుడు ఆమె నోట్లోంచి మాట వచ్చింది. మొట్టమొదటి మాట. పిన్నీ అని కాదు, నీళ్లు తెండర్రా అని కాదు. "బట్టలు తియ్యండి, మరకవుతాయి!" అంది. అని ఊరుకోలేదు. ఎవరూ కదలకపోతే తనే వంగి రెండు చేతులతో దొంతరని లాగింది. పిన్ని తల కింద నుంచి లాగింది. తల గచ్చుకి తగిలింది. పెద్ద చప్పుడేమీ కాదు, చెక్క స్కేలు బల్ల మీద పెడితే వచ్చేంత చప్పుడు. మెషిన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి గనక అందరికీ వినపడింది. ఇస్త్రీ అన్న పరుగున వచ్చి మోకాళ్ల మీద కూలబడి ఆ తలని చేతుల్లోకి తీసుకున్నాడు. ఆమె గౌన్ల దొంతర పొట్టకి అదుముకుని నిలబడింది. ఎంతసేపు అలా నిలబడిందో తెలియదు. ఎవరో ఆమె చేతుల్లోంచి వాటిని తీసుకుని పక్కన పడేశారు. ఆ తర్వాత మాత్రం అన్నీ చేసింది, అరిచింది, నీళ్లు కుమ్మరించింది, ఆటోలో కాళ్లు పట్టుకుని ఏడ్చింది కూడా. ఏడుపు నిజమే. అయితే ఏంటి? ముందు వచ్చిన మాట ముందే వచ్చింది, దాన్ని వెనక్కి నెట్టి ఏడుపుని ముందుకి తెచ్చి నిలబెట్టడం కుదరదు కదా.

"అక్కా!"

చెల్లెలు. పిన్ని కూతురు. బస్సు కండక్టరు యూనిఫాంలోనే వచ్చింది, భుజాన టిక్కెట్ల సంచీ అలాగే వేలాడుతోంది. బస్సులో వెనక సీటు వాళ్లని ఫుట్‌బోర్డు మీద నుంచి కదిలించే గొంతు ఇప్పుడు లోగొంతుకలో వినపడీ వినపడకుండా ఉంది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది, తీసింది, మళ్లీ వేసింది. తర్వాత ఒక్కసారిగా ఆమె భుజం మీద తల వాల్చేసింది. "నువ్వు దగ్గరున్నావు గనక సరిపోయింది అక్కా. ఇంకెవరి దగ్గరన్నా పనిచేస్తుంటే ఎవడు పట్టించుకునేవాడు, రోడ్డు మీద పడేసేవాళ్లు." ఆమెకి తల కొట్టేసినట్టయింది. చెల్లెలి జుట్టులో డీజిల్ వాసన, చెమట వాసన. ఆ తల మీద చెయ్యి వెయ్యాలి. వెయ్యడానికి చెయ్యి రావడం లేదు. వేస్తే ఆ మాటని ఒప్పుకున్నట్టు, వేయకపోతే పిల్ల ఏమనుకుంటుందో. చివరికి వేళ్ల కొసలతో తాకీ తాకనట్టు తాకింది. నర్సు అటుగా వచ్చి వంగి, సంచిని వెలుతురుకి ఎత్తి చూసింది. "వస్తోందమ్మా. కొంచెమే, రంగు నల్లటి టీ నీళ్లలా ఉంది. అయినా వస్తోంది" అంది. చెల్లెలు రెండు చేతులూ జోడించింది, నర్సుకో, సంచికో. ఆమె గుండెలో ముడి ఒకటి వదులైంది. దాని కింద ఇంకో ముడి, ఇంతసేపూ మొదటిది కప్పిపెట్టింది, బయటపడింది.

పిన్ని కళ్లు సగం తెరిచింది. చూపు ఎక్కడా నిలవడం లేదు. చెల్లెలు "అమ్మా, నేనే" అంది. పిన్ని కూతుర్ని దాటి, ఆమె మొహం దగ్గర ఆగి, లేవబోయినట్టు భుజాలు కదిపింది. "ఇదొక్కటి అయిపోనివ్వండి మేడమ్. అయిపోగానే లేస్తా. ఎక్కడికీ వెళ్లలేదు మేడమ్, ఇక్కడే ఉన్నా."

చెల్లెలు అమ్మని చూసింది. తర్వాత అక్కని చూసింది. "మేడమ్ ఎవరు?" అని అడిగింది. అడిగాక, జవాబు తనకే తెలిసినట్టు, నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇంట్లో ఎప్పుడూ బుజ్జమ్మే. పండక్కో పబ్బానికో పిన్ని ఇంటికి వెళ్తే బుజ్జమ్మా కాళ్లు కడుక్కో, బుజ్జమ్మా ఇంకాస్త వేసుకో. షెడ్డు మెట్లు ఎక్కాక ఏమవుతుందో పిన్ని కూతురికి ఏనాడూ చెప్పలేదన్నమాట. తనకి సిగ్గనిపించి కాదు, కూతురి ముందు అక్క కూతురు పలచన కాకూడదని. ఆ దాపరికం ఎంత శ్రద్ధగా, లోపలి కుట్టు బయటికి కనపడకుండా మడిచి కుట్టినంత శ్రద్ధగా చేసిందో తలుచుకుంటే కూర్చున్న చోటు ముళ్లయింది.

డాక్టరమ్మ వచ్చింది. పిన్ని కళ్లలోకి లైటు వేసి చూసింది, పేరు అడిగింది, ఇది ఏ చోటని అడిగింది. పిన్ని దారం అయిపోయిందని చెప్పింది. "ఒళ్లు చల్లబడింది. ఈపాటికి కొంచెం తెలివిలోకి రావాలి" అంది డాక్టరమ్మ. "వేడికి ఇలా పలవరించడం ఉంటుంది, కాదనను. పడ్డప్పుడు తలకి తగిలిందన్నారు కదా, గట్టిగా తగిలిందా? దేని మీద పడింది?" చెల్లెలు ఆమె వైపు తిరిగింది. నర్సు కూడా. చూళ్లేదు అన్న మాట ఇందాక పడుకున్న చోటే సిద్ధంగా ఉంది, లేపితే లేస్తుంది. దాన్ని ఇంకోసారి అంటే సరిపోతుంది, చెల్లెలి తల వాలిన భుజం అలాగే ఉంటుంది. బహుశా ఏమీ కాకపోవచ్చు కూడా. బహుశా. కానీ ఆ తల లోపల ఏముందో, ఆ పలవరింత దేనిదో ఈ గదిలో ఎవరికీ తెలియదు. తెలియాల్సిన ముక్క తన ఒక్కదాని నోట్లో ఉంది.

"బట్టల మీద పడింది" అంది ఆమె. "పడ్డప్పుడు తగల్లేదు డాక్టరమ్మా. నేను ఆ బట్టల్ని తల కింద నుంచి లాగాను. అప్పుడు గచ్చుకి తగిలింది."

"ఎందుకు లాగారు?"

"మరకవుతాయని."

తాపీమేస్త్రీ భార్య గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. డాక్టరమ్మ కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. "ఈ ముక్క ఇందాకే చెప్పాల్సింది" అని మాత్రం అని, స్కాన్ గదికి కబురు పెట్టమని నర్సుకి చెప్పింది. చెల్లెలు టిక్కెట్ల సంచీ పట్టీని రెండు చేతులతో మెలిపెడుతూ నిలబడింది. ఆమె వైపు చూడలేదు. చూసి తిట్టినా, నలుగురిలో జుట్టు పట్టుకున్నా భరించేది. పిల్ల వంగి అమ్మ కాళ్ల మీది దుప్పటి సర్దింది, సర్దిందే సర్దింది.

స్కాన్ గది ఆవరణకి అటువైపు. చక్రాల మంచాన్ని ఎండలోంచి తోసుకుపోవాలి. వార్డుబాయ్ ముందు లాగుతుంటే అక్కాచెల్లెళ్లిద్దరూ వెనక తోశారు, చెరో మూలా. తలుపు దాటగానే ఎండ మీద పడింది, దుప్పటి కప్పినట్టు. చెల్లెలు తన ఖాకీ కోటు విప్పి అమ్మ మొహానికి అడ్డం పట్టింది. ఆమె కొంగు విప్పి రెండో వైపు పట్టబోతే, "నువ్వు తొయ్యి" అంది చెల్లెలు. అంతే. చక్రాలు గచ్చు గతుకుల్లో గడగడలాడాయి. ఒక్కొక్క గతుకుకీ పిన్ని తల అటూ ఇటూ కదులుతుంటే, ఒక్కొక్క గతుకూ తానే వేసినట్టు ఆమె పళ్లు బిగించింది. చెప్పులు ఎక్కడ జారిపోయాయో. అరికాళ్లు చురుక్కుమంటున్నాయి. ఆ మంట హాయిగా అనిపించింది. వెంటనే ఆ హాయికీ సిగ్గేసింది, కాసేపు కాళ్లు కాలితే చెల్లిపోతుందా.

స్కాన్ గది తలుపు మూసుకున్నాక ఫోన్ మోగింది. ఇస్త్రీ అన్న. సరుకు బండి ముందే వచ్చి కూర్చుందట. ఆమె గోడకి మొహం తిప్పుకుని, గొంతు సర్దుకుని, "ఖాళీగా పంపించెయ్ అన్నా" అంది. "మెషిన్లు ఆపించి అందర్నీ ఇళ్లకి పంపించు. రేపూ వద్దు. రేకుల సంగతి తేలేదాకా వద్దు." అతను, కోపం లేకుండా, వాతావరణ వార్తలు చదివినట్టు చెప్పాడు. "ఎప్పుడో వెళ్లిపోయారు మేడమ్. మేం ఆటో ఎక్కగానే మెషిన్లు కట్టేసి లేచి వెళ్లిపోయారట. మీరు చెప్పేదాకా ఎవరూ ఆగలేదు." పొద్దున్నుంచీ అందరూ మంచినీళ్లకి లేవడానికే జంకిన షెడ్డు. ఆమె సరే అంది. మళ్లీ సరే అంది.

తలుపు తెరుచుకునే లోపు చెల్లెలు బల్ల మీద ఒక పక్కగా కూర్చుంది. పక్కన చోటుంది. కూర్చోమనలేదు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది, కాళ్లు లాగుతున్నా. లోపల నుంచి వచ్చిన మనిషి, నెత్తురు కట్టిందేమీ లేదు, పైపైన వాపే, ఇది వేడి వల్ల వచ్చిన అయోమయమే, రేపటికి తేరుకోవచ్చు, కిడ్నీలు చూసుకుంటూ ఉండాలి, అని చెప్పాడు. చెల్లెలు మొహం చేతుల్లో దాచుకుని కొంచెంసేపు ఏడ్చింది. లేచి, కళ్లు తుడుచుకుని, మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"అమ్మకి తెలివొచ్చాక ఈ మాట చెప్పకు."

"చెప్పాలి కదే. నేనే..."

"నువ్వు చెప్పి తేలికపడతావు. అమ్మేమో నిన్నే వెనకేసుకొస్తుంది. మరకైతే మరి పోతుందా, బుజ్జమ్మ మాత్రం ఏం చేస్తుంది, అంటుంది. నాకు తెలుసు, అనే తీరుతుంది." టిక్కెట్ల సంచీని భుజం మీదికి లాక్కుంది. "అది నేను వినలేను అక్కా."

చక్రాల మంచం బయటికి వచ్చింది. పిన్ని కళ్లు మూసుకుని ఉంది, ఊపిరి నిదానంగా ఆడుతోంది. చెల్లెలు తల దగ్గర ఒక మూల పట్టుకుంది, వార్డుబాయ్ రెండో మూల పట్టుకున్నాడు. తోసే వైపు పట్టుకోవడానికి ఇంక మూల లేదు. వాళ్లు కదిలారు. ఎండలో చక్రాల చప్పుడు దూరమవుతుంటే ఆమె కూడా నడిచింది, మరీ దగ్గరగా వెళ్లడానికి మొహం చెల్లక, మరీ వెనకబడితే వదిలేసిందనుకుంటారేమోనని, ఎంత దూరంలో నడవాలో తెలియక, నాలుగడుగులు వేగంగా, నాలుగడుగులు ఆగి ఆగి.